మూడంగుళాల ఎత్తు

పామర్రు,
ఏప్రిల్ 9, 2025.

కరీమ్ తమ్ముడికి,

నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. "అక్కతో ఫోనంటే ఆవిడ మాట్లాడుతుంది, నేను ఊఁ కొడతాను, చివరికి నా సంగతి నేనే మర్చిపోతాను" అని జాన్‌బాబు దగ్గర వాపోయావట. మంచిది. కాగితం మీద ఇద్దరికీ సమానంగా చోటుంటుంది. ఇప్పుడు చెప్పు నీ సంగతి.

నిన్న జాన్‌బాబు మినుముల లోడుకి వచ్చి, మా కాలేజీ గేటు దగ్గర నన్ను చూసి బండి ఆపాడు. మీ పక్కింటివాడు కదా, కబుర్లన్నీ వాడి దగ్గరే ఉంటాయి. "మేడమ్, కరిముల్లా పికప్ బండి బాడీ లేపుతున్నాడండి. మూడంగుళాలు. షెడ్డుకి ఇవ్వడంట, ఇంటి ముందే చేస్తాడంట. వాళ్ళావిడ కుల్సుం గారు కంచం కూడా వాకిట్లోకే తెస్తున్నారు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకు లేపుతున్నావు? వరద భయమా? కిందటి సెప్టెంబర్లో బుడమేరు ఇళ్ళలోకొచ్చి పోయిన దగ్గర్నుంచీ విజయవాడలో ప్రతివాడూ ఏదో ఒకటి ఎత్తు చేసుకుంటున్నాడు. స్తోమత ఉన్నవాడు ఇంటిని జాకీల మీద లేపుతున్నాడు. కాంట్రాక్టరు పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో రోడ్డు పోస్తున్నాడు. అపార్ట్‌మెంటువాళ్ళు గేటు ముందు దిమ్మె కడుతున్నారు. మరి ఆ నీళ్ళు ఎటు పోతాయి? ఎత్తు చేసుకోలేనివాడి వంటింట్లోకి. నీళ్ళకి దారేదని నిలదీయాల్సిన మనుషులం, ఎవడి పీట వాడు వేసుకుని దాని మీద ఎక్కి నిలబడుతున్నాం. ఇప్పుడు నువ్వూ పీట వేసుకుంటున్నావు, అదీ చక్రాల పీట.

ఇంకో మాట. మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే దుర్గాప్రసాద్ గారిని అడిగాను. బాడీ లేపితే ఇంజను లేవదట! అది కిందున్న ఇనప చట్రానికి, ఛాసిస్‌కి బిగించి ఉంటుందట, ఎక్కడున్నది అక్కడే. అయితే నువ్వు లేపేదేమిటి, నీ సీటా?

ఇరవై ఆరేళ్ళ కిందట ఆటోనగర్‌లో నువ్వు లారీ బాడీలు కట్టే వడ్రంగివి. యూనియన్ గోడపత్రికకి నేను రాసిందంతా నీ కుంచెతో అట్ట మీదికి దించేవాడివి. "మురుగు కాలవ మా హక్కు" అని నువ్వు గోడ మీద రాసిన అక్షరాలు రెండు వానాకాలాలు చెక్కుచెదరలేదు. వాటి సంగతి జ్ఞాపకం ఉందా, అవి కూడా కొట్టుకుపోయాయా?

కోపంగా రాశాననుకోకు. కోపంగానే రాశాను. జవాబు రాయి.

అక్క,
శివపార్వతి


భవానీపురం, విజయవాడ,
ఏప్రిల్ 20.

పార్వతక్కకి సలాములు.

మీ ఉత్తరం కుల్సుం పైకి చదివింది. వంటింట్లోకి నీళ్ళు పోతాయన్న చోట ఆగి, "ఆవిడ చెప్పేది నిజమే కదా" అంది. ఇంట్లో మీ పార్టీ మనిషి ఒకరున్నారు, సంతోషించండి.

దుర్గాప్రసాద్ గారికి నా నమస్కారం చెప్పండి. ఆయన చెప్పింది కరెక్టే, ఇంజను లేవదు. కాని అక్కా, వరద రోజున చెడింది నా ఇంజను కాదండి. అది గాలి పీల్చే గొట్టం పైన బానెట్ దగ్గర ఉంటుంది, నీళ్ళు అక్కడిదాకా రాలేదు. ఆగింది సీటు కింద ఉండే కంప్యూటర్ డబ్బా. ఈ కాలం బండికి బుర్ర అదే. కాబిన్ ఫ్లోరు మీదికి నీళ్ళు రెండు వేళ్ళు ఎక్కాయి. డబ్బా తడిసింది, బండి చచ్చింది. రెండు వేళ్ళంతే. కాబిన్ మూడంగుళాలు ఎత్తులో ఉండుంటే ఆ రోజు బండి నడిచేది.

షెడ్డుకి ఎందుకు ఇవ్వలేదంటారా? ఛాసిస్ మీద బాడీ కూర్చోబెట్టడం నా వృత్తి. లారీలకి చేసిన పని పికప్‌కి చేసుకోలేనా? పైగా షెడ్డువాళ్ళు "ఎందుకన్నా, ఏమైందన్నా" అని అడుగుతూనే ఉంటారు. ఇంటి దగ్గరైతే అడిగేవాళ్ళు లేరు, మీరు తప్ప.

కాబిన్ కింద ఆరు బోల్టులు, వెనక తొట్టి కింద ఆరు. పన్నెండు చోట్ల ఛాసిస్‌కీ బాడీకీ మధ్య బిళ్ళ పెట్టాలి. మొదట నల్లమద్ది చెక్క అనుకున్నాను. లారీలకి మనం వేసింది చెక్కే కదా. కాని చెక్క నీళ్ళు తాగుతుంది. చివరికి లేతు మిషన్ దగ్గర నైలాన్ రాడ్డు కోయించాను. తెల్లటి బిళ్ళలు, మధ్యలో కన్నం. కుల్సుం చూసి "నూనెలో వెయ్యని గారెల్లా ఉన్నాయి" అంది. వాటిని కిటికీలో వరసగా పెట్టాను. పొద్దున లేస్తే ముందు వాటినే చూస్తున్నాను.

గోడ మీద అక్షరాలు జ్ఞాపకమే. ఆ గోడ ఇప్పుడు లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. కాలవ మాత్రం అట్లాగే ఉంది.

మీ తమ్ముడు,
కరిముల్లా


పామర్రు,
మే 3.

కరీమ్ తమ్ముడికి,

నువ్వు రాసింది దుర్గాప్రసాద్ గారికి చూపించాను. ఆయన అద్దాలు తుడుచుకుని ఒకటే ప్రశ్న వేశారు: "డబ్బా తడిసిందంటే డబ్బా పైకి మార్చుకుంటే సరిపోయె గదండీ! దానికోసం బండి మొత్తం లేపడమెందుకు?" నేను నోరెళ్ళబెట్టాను. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు? అంతకంటే పెద్ద ప్రశ్న, నీకెందుకు తట్టలేదు? తట్టకుండా ఉండదు. నువ్వు పనివాడివి.

నాకు సూటిగా జవాబు కావాలి.

ఈలోగా మా వీధి సంగతి విను. మా పక్కింటి సుబ్బరత్నం గారు ఇదివరకు రోడ్డు మీంచి మూడు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళేవారు. నిరుటిదాకా రోడ్డు మీద రోడ్డు పోస్తూనే వచ్చారు. ఇప్పుడావిడ రెండు మెట్లు దిగి ఇంట్లోకి వెళుతున్నారు. ఆవిడ ఇల్లు అంగుళం కదల్లేదు. ఇంటి పన్ను కడుతూ, తులసికి నీళ్ళు పోస్తూ, ఉన్నచోట ఉండగానే గుంటలోకి దిగిపోయారు. ఆవిడ నాతో అన్నారు, "నేను పొట్టిదాన్నయిపోయానా శివపార్వతీ, ఊరు పొడుగైందా?" అని. దీనికి మన దగ్గర జవాబుందా? ఎదురింటాయన అప్పుడే అరుగు పగలగొట్టి ఎత్తు చేయిస్తున్నాడు. వెయ్యి మంది వెయ్యి దిక్కుల్లో తలో అడుగు పైకి లేస్తే అది వెయ్యడుగుల బలం కాదు కరీమ్. వెయ్యి ఒంటరితనాలు. మీ కాలవకి అడ్డంగా ఎవడో కట్టుకున్న కట్టడం ముందు అందరూ కలిసి కూర్చుంటే ఒక్కడికీ పీట అక్కర్లేదు. నేను చెప్పేది ఇంతే. ఇరవై ఆరేళ్ళుగా ఇంతే.

కాబిన్ గాల్లోకి లేచినప్పుడు ఒక ఫోటో తీసి పంపు. బండి మొత్తం పడేట్టు, ముందు వైపు నుంచి. దుర్గాప్రసాద్ గారు చూస్తారట.

అక్క,
శివపార్వతి


భవానీపురం,
మే 19.

పార్వతక్కకి సలాములు.

అయిపోయిందక్కా. లేచింది.

విప్పడం మొదలెట్టాక తొమ్మిది రోజులు పట్టింది. అందులో ఆరు రోజులు బోల్టులకే. వరద నీళ్ళు తాగి తుప్పుపట్టి ఒక్కటీ కదల్లేదు. కిరసనాయిలు పోసి నానబెట్టాను, గ్యాసుతో కాల్చాను, పానాకి గొట్టం తొడిగి వేలాడాను. జాన్‌బాబు వచ్చి చూసి, "నువ్వు బోల్టు విప్పుతున్నావా భాయ్, బోల్టే నిన్ను విప్పుతోందా?" అన్నాడు. వాణ్ణి కూడా పడుకోబెట్టి పని చేయించాను. మూడు విరిగాయి. విరిగినవాటిని డ్రిల్లు వేసి తీశాను.

బ్యాటరీ వైరు పీకాను. ఒక పక్క బోల్టులు వదులు చేసి, రెండో పక్క పూర్తిగా తీసి, కాబిన్ అంచు కింద అడ్డంగా టేకు పలక పెట్టి జాకీ వేశాను. కుల్సుం జాకీ కొట్టింది. నేను కింద పడుకుని, "ఆపు, ఇంకొంచెం, ఆపు" అంటున్నాను. "పాతికేళ్ళ కాపరంలో నేను చెప్పినట్టు విన్నది ఈ జాకీ ఒక్కటే" అంది. కాబిన్ ఛాసిస్ మీంచి లేచేటప్పుడు ఒక చప్పుడొస్తుంది అక్కా, పాత తలుపు మూలిగినట్టు. ఆ సందులోంచి ఎండుమట్టి రాలి నా మొహం మీద పడింది. కిందటేటి వరద బురద. ఎనిమిది నెలలుగా నాతోపాటే ఊళ్ళు తిరిగింది.

ఒక పొరపాటు చేశాను. స్టీరింగ్ రాడ్డు జాయింటు వదులు చేయడం మర్చిపోయాను. కాబిన్ లేచేకొద్దీ అది బిగుసుకుపోయి, చక్రం తిరగనంది. మళ్ళీ దించి, వదులు చేసి, మళ్ళీ లేపాను. పనిలో ఇట్లాంటి మతిమరుపు నాకు ఎప్పుడూ లేదు.

డబ్బా ఎందుకు మార్చలేదని అడిగారు. నాకు తట్టింది. సెప్టెంబర్లోనే తట్టింది. అది ఒక పూట పని అక్కా. ఒక పూట పని నాకు సరిపోదు. ఎందుకో అడక్కండి. ఇప్పుడు టేపు పెట్టి కొలిచాను. ఆ రోజు నీళ్ళు ఎక్కిన గుర్తు తలుపు లోపలి అట్ట మీద ఉంది. ఆ నీళ్ళే మళ్ళీ వచ్చినా ఇప్పుడు ఫ్లోరుకి ఒక వేలు కిందే ఆగిపోతాయి. బండి ఆగదు. రెండో ట్రిప్పు తిరిగి తీరుతుంది.

జూలై పదిహేనుతో బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఎఫ్‌సీ, అయిపోతుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు బండి పెట్టాలి. ఆర్సీలో లేని మార్పు కాబట్టి ఒప్పుకోకపోవచ్చు. కాబిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య సందు కనపడకుండా నల్ల రబ్బరు పట్టీ వేశాను. అందరూ ఏవేవో తగిలించుకుని తిరుగుతున్నారు, నా మూడంగుళాలు ఎవరు చూస్తారు లెండి. ఎఫ్‌సీ రాకపోతే మాత్రం లోడు ఎత్తడానికి లేదు, ఇల్లు నడవదు.

ఫోటో పెట్టాను. కుల్సుం తీసింది. పక్కనున్నవి జాన్‌బాబు కాళ్ళు.

మీ తమ్ముడు,
కరిముల్లా


పామర్రు,
జూన్ 10.

తమ్ముడూ,

బక్రీద్ బాగా జరిగిందనుకుంటాను. జాన్‌బాబుతో పంపిన బిర్యానీ డబ్బా చేరింది. సుబ్బరత్నం గారు కూడా తిన్నారు. "ఎవరు పంపారు?" అంటే చెప్పాను. "ఇంకొంచెం పెట్టు" అన్నారు.

ఫోటో అద్భుతంగా వచ్చింది. బండి గాల్లో, నువ్వు కింద. నీ అరిచేతులు తప్ప ఏమీ కనపడటం లేదు. చాలాసేపు చూశాను.

నాకు ఈ నెలంతా ఊపిరాడని పని. పరీక్ష పేపర్లు ఒకవైపు, మా పత్రిక "నిలదీత" సంచిక ఒకవైపు. పత్రిక అచ్చుకి వెళ్ళేదాకా నాకు నిద్రాహారాలు ఉండవని నీకు తెలుసు. వానలు రాకముందే జనంలోకి వెళ్ళాలని తొందరపడ్డాం. ఆ వివరాలు తర్వాత.

ఒకటి అడగాలి. "రెండో ట్రిప్పు" అన్నావు. ఏ రెండో ట్రిప్పు? ఆ రోజు నువ్వు పదిహేనుమందిని ఎక్కించుకుని మెయిన్ రోడ్డు మీద దింపావని జాన్‌బాబు అప్పట్లోనే చెప్పాడు. అందరూ నిన్ను మెచ్చుకున్నారు కూడా. రెండోది ఉందని ఎవరూ చెప్పలేదు.

అడగొద్దన్నావు. నేను అడిగే మనిషిని.

అక్క,
శివపార్వతి


భవానీపురం,
జూన్ 27.

శివపార్వతి గారికి,

మొన్న బండి తీసుకుని ఎఫ్‌సీకి వెళ్ళాను. బ్రేకులు, లైట్లు, హారన్ చూశారు. బాగున్నాయన్నారు. తర్వాత ఇన్‌స్పెక్టర్ గారు జేబులోంచి ఫోన్ తీసి, నా నంబర్ ప్లేటు వంక ఒకసారి, ఫోన్ వంక ఒకసారి చూశారు. "ఇది నీ బండేనా?" అని స్క్రీన్ నా మొహం ముందు పెట్టారు.

మీ పత్రిక పేజీ. పైన నా బండి గాల్లో ఉంది. నంబరు మొత్తం కనపడుతోంది. కింద మీ పేరు.

ఎవరో వాట్సాప్‌లో పంపారట. ఆయన రబ్బరు పట్టీ ఎత్తి చూశారు. బిళ్ళలు తెల్లగా కనపడ్డాయి. "చదువుకున్నవాళ్ళు నీ గురించి రాశారు గదా, చూడకుండా ఎట్లా వదలమంటావు?" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. చట్టం ప్రకారమే మాట్లాడారు. అన్నీ తీసేసి, పాత ఎత్తుకి దించి, జూలై పదిహేనులోపల మళ్ళీ పెట్టమన్నారు. అప్పటిదాకా లోడు లేదు. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఆయన నా ఫోన్‌కి కూడా పంపిన ఆ పేజీ మొత్తం చదివాను. సిగ్నల్ మూడుసార్లు పడింది. వెనకవాళ్ళు తిట్టారు.

మీరు రాసిన వాక్యం ఒకటి మీకే చదివి వినిపిస్తాను. "ఈ బిళ్ళలు నైలాన్‌వి కావు. ఇవి పిరికితనాన్ని మూడంగుళాల మందాన కోసిన ముక్కలు. ఒకప్పుడు అందరికోసం గోడ మీద రాసిన చెయ్యి, ఇవాళ తన ఒక్కడి కాబిన్ కింద వాటిని పేరుస్తోంది."

ఫోటో దుర్గాప్రసాద్ గారికి అన్నారు. పదో తారీఖున ఉత్తరం రాసేటప్పటికి పత్రిక అచ్చులో ఉంది. బిర్యానీ చేరిందని రాశారు. అది మాత్రం రాయలేదు.

రెండో ట్రిప్పు ఏమిటని అడిగారు. చెప్తాను. మీకు చెప్తే వ్యాసం అవుతుందని ఇన్నాళ్ళూ దాచాను. దాచినా వ్యాసం అయింది కాబట్టి ఇక దాచి లాభం లేదు.

మా కిందవీధి మొదట్లో శౌరయ్యకి ఇస్త్రీ బండి ఉండేది. ఆ రోజు మొదటి ట్రిప్పులో పదిహేనుమంది ఎక్కారు. శౌరయ్య ఎక్కలేదు. "రెండో ట్రిప్పులో వస్తాను, ఇక్కడే ఉండు" అన్నాను. అందరినీ దింపి వెనక్కి వచ్చాను. అతని బండికి రెండు వందల గజాల దూరంలో మలుపు తిరిగాను. నీళ్ళు కాబిన్‌లోకి ఎక్కాయి, బండి ఆగిపోయింది. శౌరయ్య ఇస్త్రీ బండి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు. నేను దిగాను. నడుందాకా నీళ్ళు. నాలుగడుగులు వేశాను. కాలికి ఏదో తగిలింది, మునిగి లేచాను. భయమేసింది. వస్తున్నానని చెయ్యి ఊపి, వెనక్కి తిరిగాను.

ఒకటిన్నర రోజు అతను ఆ నీళ్ళలో నిలబడ్డాడు. తర్వాత పడవ వచ్చింది. పన్నెండో రోజున జ్వరంతో పోయాడు. కాగితం మీద జ్వరం అని రాశారు. వరదలో పోయినవాళ్ళ లిస్టులో అతని పేరు లేదు.

పిరికితనం మూడంగుళాలని రాశారు. తెలియకుండానే సరిగ్గా కొలిచారు.

ఇది కూడా వేసుకోండి.

కరిముల్లా


పామర్రు,
జూలై 1.

కరీమ్‌కి,

రెండు రోజులుగా ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ప్రతిసారీ మొదటి వాక్యంలోనే నన్ను నేను సమర్థించుకుంటున్నాను. కాగితం చించుతున్నాను. ఈసారి చించను, ఎట్లా వస్తే అట్లా పంపుతాను.

ఫోటో అడిగినప్పుడే అది వ్యాసానికని నాకు తెలుసు. నీకు చెబితే వద్దంటావని కూడా తెలుసు. ప్రజల సమస్య కదా, ఒక మనిషి అనుమతి దానికంటే పెద్దదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఇదే మాట నీ కాలవ మీద కట్టడం కట్టుకున్నవాడు కూడా చెప్పుకుని ఉంటాడు. నంబరు చెరపమని అచ్చువాళ్ళకి ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. తట్టలేదు. ఇరవై ఆరేళ్ళుగా పెద్దవాళ్ళ పేర్లు బయటపెట్టడమే నా పని. చిన్నవాడి పేరు దాచడం నేను ఎప్పుడూ నేర్చుకోలేదు.

నా వాదన తప్పని మాత్రం ఇప్పటికీ అనను. ఊళ్ళు ఒకరి మీద ఒకరు ఎత్తు పెంచుకునే పందెం అయ్యాయి, అది నిజం. కాని ఆ నిజానికి నిన్ను మేకు చేసి కొట్టాను. నువ్వు నీ ఒక్కడి కోసం పీట వేసుకున్నావని రాశాను. నువ్వు వేసింది వేరేవాడి కోసం. ఎప్పుడో రాబోయే నీళ్ళలో నిలబడి ఉండబోయే ఎవడి కోసమో. అది నాకు కనపడలేదు. అడగకుండా రాసేవాళ్ళకి కనపడదు.

ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వచ్చి మాట్లాడనా? నువ్వు వద్దంటావు. సరే, రాను.

ఇంకొకటి చెప్పకపోతే ఈ ఉత్తరం కూడా దొంగ ఉత్తరం అవుతుంది. నీ ఉత్తరం చదివిన గంటలో కూర్చుని శౌరయ్య గురించి నాలుగు పేజీలు రాశాను. ఏడుస్తూనే రాశాను, అయినా రాశాను. చెయ్యి ఆగలేదు. ఏ లిస్టులోనూ లేని చావు గురించి, కాగితం మీద "జ్వరం" అని రాసి చేతులు కడుక్కునే పద్ధతి గురించి. బాగా వచ్చింది. ఇంత బాగా ఈ మధ్య రాయలేదు. అది తలుచుకుంటేనే నా మీద నాకు రోతగా ఉంది.

చించేశానని రాస్తే నీకు నచ్చేది. చించలేదు. ఈ కవరులోనే పెట్టాను. నకలు లేదు, ఫోన్లో ఫోటో కూడా తీసుకోలేదు. పొయ్యిలో పెడతావో, పెట్టెలో పెడతావో, నీ ఇష్టం. అతని గురించి నేను ఇంకెక్కడా ఒక్క అక్షరం రాయను.

శివపార్వతి


భవానీపురం,
జూలై 22.

పార్వతక్కకి సలాములు.

ఆలస్యమైంది. బిళ్ళలు తీయడంలో పడ్డాను. లేపడానికి తొమ్మిది రోజులు, దించడానికి ఒకటిన్నర రోజు. కొత్త బోల్టులు కదా, పానా పెట్టగానే తిరిగాయి. కుల్సుం జాకీ దించుతూ, "ఇదీ బాగానే వింటోంది" అంది. పద్నాలుగో తారీఖున ఎఫ్‌సీ వచ్చింది. ఇన్‌స్పెక్టర్ గారు కింద పడుకుని మరీ చూశారు.

తర్వాత డబ్బా మార్చాను. సీటు కిందనుంచి తీసి, వెనక అద్దం కింద, నా భుజం ఎత్తున బిగించాను. వైర్లు పొడుగు చేసి జాయింట్లకి టేపు చుట్టాను. ఫ్యూజు పెట్టె కూడా పైకి తెచ్చాను. దుర్గాప్రసాద్ గారికి చెప్పండి, ఒక పూట కూడా పట్టలేదు.

మీ నాలుగు పేజీలు పొయ్యిలో పెడదామనే అనుకున్నాను. కుల్సుం చదివి, "ఇది మనదీ కాదు, ఆవిడదీ కాదు. ఇన్నాసమ్మది" అంది. శౌరయ్య భార్య పేరు అది. వరదనాడు వాళ్ళ అక్క దగ్గరికి గుడివాడ వెళ్ళి ఉంది. ఇప్పుడు ఆ ఇస్త్రీ బండి ఆవిడే నడుపుతోంది. పది నెలలుగా నేను ఆ వీధిలో అడుగుపెట్టలేదక్కా. ఇంటికి దగ్గర దారి అదే. చుట్టూ తిరిగి వస్తున్నాను.

మొన్న ఆదివారం ఇద్దరం వెళ్ళాం. ఆవిడ బొగ్గులు విసురుతోంది. నన్ను చూసి స్టూలు వేసింది. కుల్సుం నాలుగు పేజీలూ చదివి వినిపించింది. ఇన్నాసమ్మ మధ్యలో ఇస్త్రీ ఆపలేదు. ఒకచోట పెట్టె కొంచెంసేపు బట్ట మీదే ఉండిపోయింది, అంతే.

అంతా విని, "బాగా రాసింది ఆయమ్మ. మూట సంగతి లేదేం బాబూ?" అంది.

నేను స్టూలు మీంచి లేచాను.

"నీ బండిలో చోటుందంట గదా. మా ఆయన జ్వరంలో అదే చెప్పాడు. జనం బట్టలు మూట కట్టుకుని వచ్చాడంట. 'మనుషులకే ఇరుగ్గా ఉంటే బట్టలేంది శౌరయ్యా, అక్కడ పడేసి ఎక్కు' అన్నావంట. 'జనం బట్టలు బాబూ, రేపు ఏం చెప్పను' అన్నాడంట. 'అయితే మూటతో సహా రెండో ట్రిప్పులో రా' అన్నావంట."

అన్నానక్కా. ఆ మాట మీకు రాసిన ఉత్తరంలో కూడా రాయలేదు. చోటు లేక వదల్లేదు. చోటుంది. విసుగొచ్చి వదిలాను. మనిషి మునిగిపోతుంటే బట్టలేమిటని కోపమొచ్చింది. నేను బయలుదేరే తొందరలో ఉన్నాను.

"ఆ ఒకటిన్నర రోజూ మూట నెత్తి మీద పెట్టుకునే నిలబడ్డాడు. పడవ వస్తే ముందు మూట అందించి, తర్వాత తను ఎక్కాడు. నలభై రెండు జతలు బాబూ, ఒక్కటి తడవలేదు. అందరూ వచ్చి పట్టుకెళ్ళారు. ఒక్కటే మిగిలింది."

ఆవిడ బండి కింద పెట్టె తెరిచి ఒక తెల్ల చొక్కా తీసింది. కాలర్ లోపల నీలం దారంతో మా గుర్తు ఉంది. కుల్సుం కుట్టిన గుర్తే. ఆగస్టు ఆఖరున నేనే ఇస్త్రీకి ఇచ్చాను. ఇచ్చినట్టు కూడా మర్చిపోయాను.

"నువ్వు వస్తావని ఉంచాను. మొన్న మడత నలిగితే మళ్ళీ ఇస్త్రీ చేశాను" అంది. తిట్టలేదక్కా. తిడితే బాగుండేది.

వచ్చేముందు కుల్సుం అడిగింది, ఈ కాగితాలు ఏం చెయ్యమంటావని. ఇన్నాసమ్మ చేతులు తుడుచుకుని వాటిని తీసుకుంది. ఆవిడకి చదవడం రాదు. "ఆయన పేరు ఎక్కడుంది?" అంది. కుల్సుం చూపించింది. ఆ చోట వేలు పెట్టి, "ఏ లిస్టులోనూ పళ్ళేదు. ఇందులోనన్నా పడుద్దా? అయితే వెయ్యమను. మూట సంగతి కూడా వెయ్యమను" అంది.

అందుకని మీ పేజీలు మీకే తిప్పి పంపుతున్నాను. రాయండక్కా. ఇంకెక్కడా రాయనని మీరు నాకిచ్చిన మాట ఆవిడ రద్దు చేసింది. ఆవిడ మాటే పెద్దది. అతని పేరు పూర్తిగా వెయ్యండి. జ్వరం అని వెయ్యకండి. చోటుందని వెయ్యండి. నేను ఏమన్నానో ఉన్నది ఉన్నట్టు వెయ్యండి. చెయ్యి ఊపింది కూడా. కాలవ మీద కట్టిన కట్టడం గురించి మీకు ఎంత కోపముంటే అంతా పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. ఆ కట్టడం ముందు ఎప్పుడు కూర్చుంటారో చెబితే అట్ట మీద అక్షరాలు రాసి తెస్తాను. కుంచె ఇంట్లో ఉంది. కుల్సుం పారెయ్యనివ్వలేదు.

పన్నెండు బిళ్ళలూ మళ్ళీ కిటికీలోనే ఉన్నాయి. చొక్కా మడత ఇంకా విప్పలేదు. నిన్నటినుంచి ఇక్కడ ముసురు పట్టింది. కుల్సుం మాటిమాటికీ తలుపు తీసి కాలవ వంక చూస్తోంది. నేను బండి తాళాలు జేబులోంచి తీయడం లేదు.

వ్యాసానికి ఫోటో కావాలంటే ఇదుగో, కొత్తది పెట్టాను. ఇన్నాసమ్మ ఇస్త్రీ బండి, పక్కన నా పికప్, పాత ఎత్తులో. ఆవిడే నిలబడమంది.

ఈసారి నంబరు చెరపకండి.

మీ తమ్ముడు,
కరిముల్లా